కేతేపల్లి స్టాపు దగ్గర ఆగిన బస్సు

నా కోపం సంగతి పోచంపల్లిలో అందరికీ తెలుసు. కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసి నేతగాళ్లకు ఇస్తుంటాను. గీత ఒకటి చెడితే మౌసు విసిరికొడతాను. అలాంటివాడిని ఓపిగ్గా కూర్చోబెట్టి గేములకు మాడ్లు పెట్టడం నేర్పింది కోమల. మాడ్ అంటే మరేం లేదు, కొన్న గేముకు ఎవరో ఇష్టంకొద్దీ తయారుచేసి తగిలించే అదనపు హంగు.

కోమలది కేతేపల్లి. నల్లగొండ కాలేజీలో నా క్లాసు. బస్సు నడిపే గేము ఒకటి ఇద్దరం ఆడేవాళ్లం. దానికి నాకోసమే ఒక మాడ్ చేసింది. అందులో నల్లగొండ నుంచి కేతేపల్లి దారి, ఎర్ర బస్సు, సీట్లకు మా బాపు నేసిన ఇక్కత్ గుడ్డ. కండక్టరు గొంతు మాత్రం ఆమెదే. "కేతేపల్లి దిగెటోళ్లు జర ముందుకు రాండ్రి" అని పిలిచేది. తలుపు మూశాక "రైట్, రైట్" అనేది. ఆమె అనకముందే బస్సు కదిపితే పక్కన కూర్చుని నిజంగానే నెత్తిన మొట్టేది.

"మా నాయినతోని మాట్లాడు ప్రవీణ్" అని మూడుసార్లు అడిగింది. ఈ ఆర్డరు అయిపోనీ అన్నాను మూడుసార్లూ. ఆర్డర్లు అయిపోలేదు గానీ ఆమె పెళ్లి అయిపోయింది, హాలియా అబ్బాయితో. రెండేళ్లుగా ఆమె గొంతు నాకు వినిపించేది ఆ బస్సులోనే.

మొన్న గేము తనంతట తానే కొత్త వెర్షనుకు మారింది. మాడ్ పనిచేయడం మానేసింది. ఊరూ పేరూ లేని నీలం బస్సు ఒకటి వచ్చి నిలబడింది. వేరే ఆన్‌లైన్ స్టోరులో అదే గేము పాత వెర్షను దొరుకుతోందని తెలిసి కొన్నాను. ఎక్కించబోతే డిస్కులో జాగా లేదంది కంప్యూటర్. ఒళ్లు మండి మొదటి గేమును తీసేశాను, మిగిలిన ఫోల్డర్లను కూడా ఊడ్చిపారేశాను. మాడ్ వాటిలోనే ఉందని అంతా చెరిపేశాకే గుర్తొచ్చింది.

కాపీ వేరే పెన్‌డ్రైవులో పెట్టుకోమని కోమల ఎన్నిసార్లు చెప్పిందో! రోజంతా నెట్‌లో వెతికాను. ఒక సైటులో అలాంటి పేరుతోనే ఒక మాడ్ కనిపించింది. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందంది. వేలు బటన్ దాకా వెళ్లింది. "కాపలా బంద్ చెయ్యమన్నోడు దొంగే" అనేది కోమల. ఆ సైటు మూసేశాను.

బాపు మగ్గం దగ్గర కొత్త పడుగు, అంటే నిలువు పోగులు, అతుకుతున్నాడు. చీర కోసి తీసినా పాత పడుగు కొసను మగ్గం మీదే ఉంచుతారు. కొత్త పోగులను ఒక్కొక్కటే దానికి మెలిపెడతారు. జరిగింది చెబితే నావైపు ఎగాదిగా చూశాడు.

"నేతోని కొడుకువేనారా నువ్వు? పాత కొస ఊడబీకినంక కొత్తది దేనికి అతుకుతవ్?"

తిరిగి పోగులమీదికి వంగి, "గా పిల్ల తాన ఉంటది. అడుగు" అన్నాడు. బాపుకు ఇదంతా తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండేళ్ల తర్వాత ఆమెకు మెసేజ్ రాశాను. బాగున్నావా అని రాసి చెరిపేశాను. "బస్సు మాడ్ పోయింది. నీ దగ్గర ఉందా?" అని మాత్రం పంపాను.

సాయంత్రానికి ఫైలు వచ్చింది. కింద "ఈసారన్న కాపీ పెట్టుకో" అని ఉంది. నవ్వొచ్చింది. వెంటనే ఇంకో మెసేజ్ వచ్చింది.

"నా గొంతు తీసేసిన ప్రవీణ్. మిగిలినయన్ని ఉన్నయ్. ఏమనుకోకు."

ఏమనుకుంటాను? ఆమె చేసింది సబబే. ఆ సబబు మీద కూడా నాకు కోపమొచ్చింది, ఎవరిమీద చూపాలో తెలియలేదు.

ఫైలును స్కాన్ చేశాను. పెన్‌డ్రైవులో కాపీ పెట్టాను. పాత వెర్షను గేము ఎక్కించి, అది అప్‌డేట్ కాకుండా ఆపాను. ఆమె నేర్పినట్టే, ఒక్క తప్పూ లేకుండా మాడ్ తగిలించాను. ఎర్ర బస్సు వచ్చింది. సీట్లమీద బాపు ఇక్కత్ వచ్చింది. కేతేపల్లి దాకా నడిపాను. దిగాల్సినవాళ్లు దిగారు. తలుపు మూశాను.

నాకు కోమల కావాలి. ఆ మాట వాళ్ల నాయిన ముందు అనాల్సిన రోజున అనలేదు.

ఇంజిను నడుస్తూనే ఉంది. దారి ఖాళీగా ఉంది. ఆమె రైట్ అనలేదు కాబట్టి నేను బస్సు కదపలేదు.