వెండి కాగితం చుట్టిన ఫ్యూజు

గాలివాన స్తంభాలను కూల్చేశాక ఆ వీధికి కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. తుంటి విరిగి మంచం పట్టిన అత్తయ్య చీకటినైనా ఓర్చుకుంది గానీ, సీరియల్ పోయిందన్న దిగులును మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఆ దిగులు తీర్చే పని చిన్నకొడుకు నెత్తినేసుకున్నాడు. బ్యాటరీతో నడిచే చిన్న టీవీ ఒకటి అటక మీంచి దింపి, కిటికీ బయట నిలిపిన వదిన వ్యాను బ్యాటరీకి క్లిప్పులు తగిలించి, తీగను చాప కిందుగా మంచం దాకా లాగాడు.

వదిన, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, ఆ వ్యానులోనే బేకరీ రొట్టెలు దుకాణాలకు చేరవేస్తుంది. బ్యాటరీ వాడుకోమంటూ ఆమె ఒకే ఒక్క మాట చెప్పింది.

"బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టు. అది లేకుండా తీగ లోపలికి తెచ్చావో, ఊరుకోను."

"ఆ మాత్రం నాకు తెలీదా వదినా!"

సాయంత్రం ఆమె వీధి కుళాయి నుంచి బకెట్టుతో వస్తుంటే కాలిన వాసన ముక్కుకు కొట్టింది. కిటికీలోంచి చూస్తే చాప పొగలు కక్కుతోంది. దాని పక్కనే, కాలు కదపలేని అత్తయ్య దగ్గుతూ దుప్పటిని పైకి లాక్కుంటోంది. వదిన బకెట్టు అక్కడే దించి వ్యాను దగ్గరికి ఉరికింది. ఎర్ర క్లిప్పు పట్టి లాగేసరికి అరచేయి చుర్రున కాలింది. అయినా వదల్లేదు. అది ఊడాక లోపలికి పరిగెత్తి బకెట్టు నీళ్ళన్నీ చాప మీద కుమ్మరించింది.

మళ్ళీ బయటికొచ్చి ఎర్ర తీగను చూసింది. ఫ్యూజు ఉంది. కానీ అది పోయినా కరెంటు ఆగకుండా, దాని చుట్టూ చాక్లెట్ మీది వెండి కాగితం ఒత్తుగా చుట్టి ఉంది.

అప్పటికి అన్నదమ్ములిద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఆమె ఆ ఫ్యూజును మరిది ముఖం ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"అది... మాటిమాటికీ పోతుంటేను..."

"ఎందుకు పోతోందో చూడాలా, నోరు నొక్కేయాలా? కన్నతల్లి పక్కన కుంపటి పెట్టావు కదరా!"

ఏనాడూ మరిదిని 'రా' అనని మనిషి. భర్త మధ్యలోకొచ్చాడు.

"పోనీలే, ఏం కాలేదుగా."

"ఏం కాలేదా? మరో బకెట్టు కోసం ఆగి ఉంటే ఏమయ్యేది? తమ్ముణ్ణి వెనకేసుకు రావడానికి ఇదా సమయం?"

అప్పుడు లోపలి నుంచి అత్తయ్య గొంతు ఖంగుమంది.

"వాణ్ణేమీ అనకమ్మాయ్! ఆ ఫ్యూజు అడ్డు తీసేయమన్నది నేనే."

కోడలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఇంతసేపూ ఎవరి కోసం మండిపడిందో, ఆమే ఈ మాట అంటోంది.

"మీరా? లేచి పరిగెత్తగలరా అత్తయ్యా మీరు?"

"లేవలేననేగా ఈ పాట్లు! మీ అందరికీ కాళ్ళున్నాయి, ఎటో ఓ వైపు పోతారు. పొద్దస్తమానం ఆ పైకప్పు చూస్తూ పడుండు, నీకే తెలుస్తుంది."

"అందుకని కాలిపోతారా? టీవీ వద్దని నేనన్నానా? మీరు బతికుండి చూడమన్నాను!"

అత్తయ్య ముఖం గోడవైపు తిప్పుకుంది.

కోడలు మంచం కాలు ఎత్తించింది. ఇనుప కాలు కింద తీగ నలిగి, లోపలి రెండు పోగులూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. ఫ్యూజు పాపం అదే చెప్పబోయింది. ఆమె కాలిన చేతికి తడిగుడ్డ చుట్టుకుని, మరిదిని దగ్గర కూర్చోబెట్టుకుని పని చేయించింది. కొత్త లావు తీగ, బ్యాటరీ దగ్గర కొత్త ఫ్యూజు, తీగ దారి కాళ్ళకు అందకుండా గోడ వెంట. టీవీ తగిలించకముందే తీగ చివరలు రెండూ కలపమంది. టప్పున ఫ్యూజు పోయింది. మరిది ఉలిక్కిపడ్డాడు. తీగ వెచ్చబడనైనా లేదు.

"దాని పని అదీ. ఇంకొకటి వెయ్యి. సీరియల్ అవగానే క్లిప్పులు తీసెయ్. తెల్లారి వ్యాను కదలకపోతే రొట్టెలు నువ్వు మోస్తావు."

బొమ్మ వచ్చింది. అత్తయ్య కాసేపు బింకంగా గోడనే చూసి, విలన్ గొంతు వినగానే ఇటు తిరిగి వాణ్ణి తిట్టడం మొదలెట్టింది.

"ఇప్పటికైనా కోపం పోయిందా?" అన్నాడు భర్త మెల్లగా.

"లేదు," అంది ఆమె. తడిసిన చాపను చుట్టి అతని చేతుల్లో పడేసింది. "ముందు దీన్ని బయట పారేసి రండి."