డింగీ కొలత

జ్ఞానప్రసూన దుప్పటి మడత మీద కచ్చాకుట్టు ముగించి పళ్ళతో దారం తెంపింది. అమెరికాలోని క్యారీ ఊళ్ళో డ్రైక్లీనింగ్ షాపు వెనకగదిలో పద్నాలుగేళ్ళుగా ఆమె పని ఇదే, ఒకరి ప్యాంటు కురచ చేయడం, ఇంకొకరి నడుము వదులు చేయడం. ఈ శనివారం మాత్రం కొలతలు పడవవి.

2006లో భర్త పద్మనాభం ఇరవై అయిదడుగుల పాత తెరచాప పడవ కొన్న నాటినుంచి ఆ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళున్నట్టే ఉంది. ఆయన దాన్ని ‘అది’ అనడు, ‘ఆవిడ’ అంటాడు. ఆవిడకి ఎండ పడదట. ముందువైపు బరువు పెడితే ఆవిడకి నచ్చదట. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో జ్ఞానప్రసూనకి ఏం పడదో ఆయన ఎవరితోనూ చెప్పగా వినలేదు.

లంగరు వేశాక ఒడ్డుకి రావడానికి డింగీ కావాలి, అంటే పడవ తన మీద మోసుకుపోయే పిల్లపడవ. రేవు పక్క పాతసామాన్ల కొట్లో రెండున్నాయి. ఆరున్నర అడుగులది ఒకరికి, ఎనిమిదడుగులది ఇద్దరికి. డెక్ మీద ఏది పడుతుందో చూడ్డానికి రెంటి ఆకారాలూ పాత దుప్పట్లో కత్తిరించమన్నాడు. కత్తిరించింది. పెద్దదానికి మాత్రం మధ్యలో నాలుగంగుళాలు మడిచి, కనబడకుండా కుట్టేసింది. పెద్దది పట్టినట్టు కనబడితే, అందులో రెండో సీటు జ్ఞానప్రసూనది.

రేవు చేరాక, డెక్ మీద మోకాళ్ళూని పెద్ద గుడ్డ పరిచింది. కిందికి గాలి పోయే చదరపు తలుపు అంచుకి సరిగ్గా ఆనింది.

“భలే! ఎనిమిదడుగులదే ఫిక్స్,” అన్నాడు పద్మనాభం, పడవ అంచు నిమురుతూ. “శ్రీధర్‌కి ఫోన్ చేస్తా. ఇద్దరం వెళ్ళొచ్చు.”

“మీ ఫ్రెండ్ శ్రీధర్ గారా?”

“నీకు నీళ్ళంటే భయం కదా ప్రసూనా.”

“అని ఎవరు చెప్పారు?”

“చెప్పాలా? ఒక్కసారైనా వస్తానన్నావా?”

“రమ్మంటే కదండీ.”

ఆయన అప్పటికే వంగి తాళ్ళు చూసుకుంటున్నాడు.

జ్ఞానప్రసూన సూదిమొనతో కచ్చాకుట్టు లాగేసింది. మడత విచ్చుకుని గుడ్డ నాలుగంగుళాలు తలుపు మీదికి పాకింది.

“ఇదేంటి, ఇందాక సరిపోయిందిగా!”

“కుట్టు ఊడిందండీ. ఇది పెడితే తలుపు తెరుచుకోదు. మీ ఆవిడకి ఊపిరాడదు, పాపం. చిన్నదే తెచ్చుకోండి.”

మధ్యాహ్నానికి చిన్న డింగీ డెక్ మీద బోర్లా ఒదిగింది. ఒక్క రాత్రి లంగరేసి చూసి రేపు వచ్చేస్తానని, పులిహోర డబ్బా పట్టుకుని ఆయన బయల్దేరాడు. పడవలో శ్రీధర్ లేడు, ఆమె లేదు. మొదటిది ఆమెకి కాస్త హాయిగానే ఉంది. తెరచాప చేతిరుమాలంత అయ్యేదాకా నిలబడి చూసింది.

దుప్పటి ముక్కలు పెట్టడానికి కారు ట్రంక్ తెరిచింది. ఇన్నాళ్ళూ తెరచాప సంచి కూర్చున్న చోట, దుమ్ము పట్టిన ప్లాస్టిక్ కవర్లో ఎర్ర లైఫ్ జాకెట్ ఒకటి, ఆడవాళ్ళది, స్మాల్ సైజు, సరిగ్గా ఆమె కొలత, లేబుల్ ఇంకా తెంపనిది.