సొనతో గీసిన కాయ

వైశాఖమాసము. సూర్యుడు మింటి నడుమకు జేరకమునుపే యెండ నూజివీటి సీమలోని మామిడితోపులపై నిప్పులు చెరుగుచు నాకుల నీడలను గుదియించి చెట్ల మొదళ్లకు దరుముచుండెను. కోతకు వచ్చిన బంగినపల్లి కాయల భారమున నేలదాక వంగిన కొమ్మల నడుమనుండి వీచు వడగాలి సహితము తీపివాసనను మోసికొనివచ్చుచుండగా రహదారి ప్రక్కనున్న రైతుసంఘమువారి రేకులకొట్టము ముందు లారీలు వరుసదీరి నిలిచియుండెను. లోపల ముప్పదిమంది స్త్రీలు వరిగడ్డిపై గూర్చుండి కాయల నేరుచుండిరి. అందరును పనిమీద నున్న యా చోట నెచట నిలువవలెనో తెలియక తలుపుకడ్డముగా నిలిచియున్న దొక్క పిల్ల మాత్రమే. ఆమె చేత నొక యట్టపెట్టె యుండెను.

ఆమె పేరు అలేఖ్య. ఆలేఖ్యమనగా చిత్తరువని యెరుగకయే వినుటకు సొంపుగా నున్నదని కరెంటు ఆఫీసులో లైనుమనుగా బనిచేయు తండ్రి పెట్టిన పేరది. ఇరువదిమూడేండ్ల తరువాత నా పిల్ల బొమ్మల కూర్పునే వృత్తిగా నెంచుకొని విజయవాడలో నొక చిన్న డిజైను కార్యాలయమున జేరినప్పుడు పేరు నిలిపినదని బంధువులు మెచ్చుకొనిరి. పేరు నిలుపుట బంధువులు మెచ్చినంత సులభము గాదు. కార్యాలయపు యజమాని చక్రధరుగారు ఆమెను ఆరునెలల పరీక్షకాలముపై జేర్చుకొనిరి. ఆ గడువు ఈ నెలతో దీరును. ఆలోపున ఈ రైతుసంఘమువారి మామిడిపెట్టెలపై నచ్చువేయు గుర్తును వారు మెచ్చునట్లు రచించి యిచ్చినచో గొలువు స్థిరమగును. లేనిచో నింటిదారి పట్టవలసినదే. ఈ మాట యాయన కోపముతో జెప్పియుండిన నామె యేడ్చి మరచియుండును. చల్లగా జెప్పుటచే నది లోపల నిలిచిపోయెను.

సంఘమున కధ్యక్షులు యలమర్తి సుబ్బారాయుడుగారు. నలుబదియేండ్లు మామిడితోపులలో దిరిగిన వృద్ధులు. మాటకు మాట పేర్చు నలవాటు లేనివారు. అలేఖ్య పంపిన మొదటి గుర్తును చూచి "బాగానే ఉందమ్మా. మా కాయలా లేదు" అని ఫోనులో జెప్పి యూరకుండిరి. రెండవదానికిని నదే మాట. ఏమి లోపించినదో చెప్పుడని బ్రతిమాలగా "అదే తెలీట్లా" అనిరి. ఎచట నొప్పియో చెప్పక మందు మార్చుమను రోగితో వైద్యుడేమి చేయగలడు.

నాటినుండి యలేఖ్యకు గుదురు లేదు. ఉదయమున కంప్యూటరు తెరయెదుట గూర్చుండినది మొదలు దీపములు పెట్టు వేళదాక గీయును చెరిపివేయును మరల గీయును. ఒకనాడు పండ్రెండు బొమ్మలు మొదలిడి పండ్రెండింటిని నడుమనే విడిచెను. కొత్త యూహ పుట్టునేమో యని లోకమునందలి నిపుణుల కూర్పులను తెరపై వెదకి వెదకి చూచెను గాని పెండ్లివిందున వంటకములను చూచి చూచి ఆకలి చచ్చినట్లు చూచినకొలది దన చేతిలో నేమియు లేదని తోచెను. కళాశాలలో దనకు వచ్చిన బహుమానములు ఎవరో పొరపాటున నిచ్చియుందురనియు నా పొరపాటు నేడో రేపో బయటపడుననియు నొక భయము పుట్టి యన్నము సహింపకుండ జేసెను. తల్లి ఫోనుచేసి కొలువెట్లున్నదని యడిగినప్పుడెల్ల బాగున్నదనుచు వచ్చెను.

అట్టి స్థితిలో నిన్నటి సాయంకాలమున నేదో దూరదేశపు పండ్లవర్తకుల గుర్తొకటి యామె కంటబడెను. ఎర్రని బుగ్గతో నున్నగా మెరయు గుండ్రని మామిడిపండు. ఆమె దాని గీతలపైననే గీతలు గీసి ఎరుపును పసుపుగా మార్చి క్రింద సంఘము పేరు చేర్చెను. అరగంట పట్టినది. చక్రధరుగారు వెనుక నిలిచి చూచి "ఇదమ్మా పనంటే" అనిరి. ఆరునెలలలో నాయన నోట వెలువడిన మొదటి మెప్పు అది. ఆమె తలవంచుకొనెనే కాని నిజము చెప్పుటకు నోరు రాలేదు. ఆ బొమ్మనే యచ్చువేయించి పెట్టె కంటించి యధ్యక్షులకు జూపి రమ్మని యాయన పంపగా నిట్లు వచ్చినది. వారు కాదందురేమో యని యొక భయము. ఔనందురేమో యని యంతకు మించిన భయము. ఔనన్నచో నా దొంగబొమ్మ వేలకొలది పెట్టెలపై నూరూర దిరుగును.

సుబ్బారాయుడుగారు లారీయొద్దనుండి చేయెత్తి "సరుకెక్కించి వస్తా. కాసేపు కూర్చోమ్మా" అనిరి. ఆమె లోనికి బోయి కాయల నేరు స్త్రీల చెంత నొకమూల గూర్చుండెను.

ఆ స్త్రీలకందరికిని బెద్ద తిరుపతమ్మ. ఏబదియేండ్లు దాటినది. అక్షరము రాదు. చేతికి వచ్చిన కాయ నొక్కమారు త్రిప్పి చూచి మేలైనదైనచో గుడివైపు గడ్డిపై నుంచును. కానిచో నెడమవైపు కుప్పలో వేయును. రెండవమారు చూచుట యామె యెరుగదు. తిరుపతమ్మ యెడమకు వేసిన కాయను దేవుడు దిగివచ్చినను మరల బెట్టెలో బెట్టలేడని తోటివారు పరిహాసమాడుదురు. అలేఖ్య తన పెట్టెను నేలపై దింపి నుదుటి చెమట తుడుచుకొనుచుండగా నలవాటుపడిన యా చేయి దానిని గూడ నందుకొనెను. తిరుపతమ్మ బొమ్మ వంక జూచెను. పెట్టెను ఎడమవైపునకు జరిపెను.

తన దొంగతనము బొమ్మ మొగముననే వ్రాసియున్నదా యని యలేఖ్య కొక క్షణము దోచెను. "ఎందుకండీ పక్కన పెట్టారు" అని మెల్లగా నడిగెను.

"ముచ్చిక లేదు గదమ్మా దీనికి" అని తిరుపతమ్మ పని మానకయే చెప్పెను. "ముచ్చిక లేకుండా పీకేస్తే సొన కారి కాయ మాడిద్ది. రెండోరోజుకి కుళ్ళిద్ది. ఇట్టాంటిది మేం పెట్టెలో పెట్టం."

ముచ్చిక యనగా కాయను కొమ్మతో గూర్చు తొడిమ. అది గోరంతయైనను మిగులునట్లు కోసినగాని కాయ నిలువదని మామిడిసీమలో బసిపిల్లలకు గూడ దెలియును. పట్టణమున బండిమీది పండ్లను కొని తినుటయే కాని కొమ్మమీది కాయ నెన్నడును జూడని యలేఖ్యకు దెలియలేదు. ఆమె మొదటి బొమ్మకు ముచ్చిక లేదు. రెండవదానికిని లేదు. మూడవది యామె బొమ్మయే కాదు. నలుబదియేండ్లు ప్రతికాయకును ముచ్చికను చూచిన సుబ్బారాయుడుగారికి నది కంటికానుట యెన్నడో మానెను. లేనప్పుడు వెలితి తోచునే కాని యా వెలితి పేరు తోచలేదు.

"చూస్తావా" అని తిరుపతమ్మ యొక కాయ నామె చేతిలో బెట్టి ముచ్చికను జివర దుంచెను. తేటనీటివంటి సొనబొట్టు చివ్వున బైకి వచ్చెను. ఆ తుంపునే ప్రక్కనున్న ఖాళీపెట్టెపై నొకమారు రాచి "ఇప్పుడేం కనపడదు. ఎండలో పెట్టి చూడు, చాకలి బట్టలమీదేసే గుర్తులాగా నల్లగా తేలిద్ది" అనెను. అలేఖ్య తలయెత్తి చూడగా గోడకు జేరవేసిన పాతపెట్టెలపై నెప్పుడో యెవరి చేతనో పొరపాటున దగిలిన సొనచారలు గోధుమవన్నెతో సూటిగా నిలిచియుండెను. ఎవరును గీయవలెనని గీసినవి కావు. ఐనను వానిలో నొక్కటియు దడబడలేదు.

ఆమె చేతిలోని కాయను జూచెను. అంతవరకును మామిడికాయను జూచితిననుకొనెనే కాని చూడలేదు. ఒకవైపు నిండుగను నొకవైపు కొంచెము లోగియు నున్న దాని యొడలు గుండ్రముగా లేదు, నున్నగాను లేదు. భుజముపై జిన్నచిన్న తెల్లని చుక్కలుండెను. పట్టుకొన్న యరచేతి వంపే దాని వంపై యుండెను. పదిదినములనుండి మొద్దుబారిన చేతివ్రేళ్లలో నేదో కదలెను. కదలగానే భయమును దోడువచ్చెను.

"నాకు రాదేమోనండీ" అని యామె యనుకొనకయే పైకి ననెను. ఎవరితోనైన నా మాట యనుట యదే మొదలు.

తిరుపతమ్మ చేయి మొదటిసారి యాగెను. "నేనీ పనికొచ్చిన కొత్తల్లో మంచికాయలు కూడా పక్కన పడేసేదాన్ని, పక్కనే ఏరే మా అత్త ఏమంటదో అని. ఆమె ముఖం చూట్టం, కాయ పడెయ్యటం. ఒకరోజు నా గడ్డం పట్టుకుని కిందకి తిప్పింది. కాయని చూడవే, నన్ను చూడమాక అంది. అంతేనమ్మా" అని చెప్పి మరల నేరుటకు మొదలిడెను.

అలేఖ్య ఒక ఖాళీపెట్టెను ఒడిలోనికి లాగికొని యప్పుడే తుంచిన ముచ్చికను గలమువలె బట్టి కాయను జూచుచు గీయ మొదలిడెను. ముచ్చిక నిలువుగా నొకటి. దానినుండి దిగి భుజము మీదుగా బొట్టచుట్టు దిరిగి వచ్చు వంపొకటి. సగము దారిలో సొన యింకిపోగా తిరుపతమ్మ మరియొక ముచ్చికను తుంచి యందించెను. "వేలికి అంటనీమాక, పొక్కుద్ది" అని యామె హెచ్చరించుట పిల్లకు వినబడలేదు. వంపు ముచ్చికను జేరకమునుపే చేయి తనంత దానుగా నాగెను. కలిపినచో బొమ్మ చచ్చునని తోచి యామె కలుపలేదు.

చూచుచుండగనే తడి యారి గీత మాయమయ్యెను. వట్టి యట్ట మిగిలెను. ఆమె పెట్టెను గుమ్మము ముందటి యెండలో నుంచి యటు నిటు వంచి చూచెను. ఏమియు లేదు. సరిగా నదే సమయమున సుబ్బారాయుడుగారు తువ్వాలుతో మెడ తుడుచుకొనుచు లోనికి వచ్చి ఎడమకుప్ప ప్రక్కనున్న యచ్చుబొమ్మ పెట్టెను చూచిరి.

"ఇదేనా అమ్మా?"

ఔననిన జాలును. ఒక్క మాటతో గొలువు నిలుచును. తల్లితో జెప్పుచు వచ్చిన యబద్ధమును నిజమగును. అలేఖ్య "అది నా బొమ్మ కాదండీ. వేరేవాళ్ళది చూసి దిద్దాను" అనెను. మాట వెలువడినతోడనే గుమ్మమును బట్టుకొనెను.

సుబ్బారాయుడుగారు "మరి ముందు పంపినయ్యో" అనిరి.

"అవి నావేనండీ."

"అవి దీనికన్నా నయం" అని యాయన తువ్వాలును భుజముపై వేసికొనిరి. "సరే. ఇప్పుడు నీది ఏదీ?"

ఆమె యెండలోని పెట్టెను జూపెను. ఆయన వంగి చూచిరి. కన్నులు చికిలించి మరల జూచిరి. "ఏం లేదు గదమ్మా ఇందులో."

"వస్తుందండీ. కొంచెం ఆగండి" అనెను. ఆ మాటపై నామెకే నమ్మకము లేదు. దారిలో లారీవాడు హారను మ్రోగించెను. ఆయన వాని వంక జేయి చూపి యాగుమని సైగచేసి యొక పెట్టెను బోర్లించి దానిపై గూర్చుండిరి. అట్లు కూర్చుండుట పిల్లకు మరింత భయము గలిగించెను. నిలబడియున్నచో విసిగి పోవచ్చును. కూర్చుండినవాడు చూచియే పోవును. నిమిషములు గడచెను. స్త్రీలు కాయల నేరుచునే యుండిరి. కాయపై కాయ గడ్డిలో మెత్తగా బడు చప్పుడు తప్ప వేరొండు లేదు.

మొదట ముచ్చిక తేలెను. లేత గోధుమవన్నె గీటు గోరంత. పిమ్మట భుజము, పిమ్మట పొట్ట. ఆరిన యట్టలోపలినుండి యెవరో నెమ్మదిగా బైకి ద్రోయుచున్నట్లు వంపంతయు ముదురుచు వచ్చి చివర ముచ్చిక చెంత జేరకుండ నిలిచెను. సొన పలుచబడిన చోట గీత సన్నబడెను. చిక్కబడిన చోట నల్లబడెను. అలేఖ్య దానిని జూచి యిది తాను గీసినదా యని విస్తుపోయెను. కన్నులు చెమ్మగిల్లెను.

సుబ్బారాయుడుగారు లేచి పెట్టెను చేతికి దీసికొని యెడముగా బట్టి చూచిరి, దగ్గరగా బట్టి చూచిరి. లోనికి బోయి తిరుపతమ్మ యెదుట నుంచి "చూడు" అని మాత్రమనిరి.

ముప్పది జతల చేతులును ఆగెను. తిరుపతమ్మ పెట్టెను అందుకొని కాయను త్రిప్పినట్లే యొక్కమారు త్రిప్పెను. ఆమె చూపు ముచ్చికపై నొక్క క్షణము నిలిచెను. తరువాత పెట్టెను కుడివైపు గడ్డిపై మేలైన కాయల సరసన మెల్లగా నుంచి తరువాతి కాయను అందుకొనెను.

ఆ సాయంకాలము విజయవాడకు మరలివచ్చి యలేఖ్య చక్రధరుగారికి రెండు పెట్టెలను జూపి జరిగినదంతయు జెప్పెను. ఆయన రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచి "ఆ సంగతి నిన్ననే చెప్పుండాల్సింది" అనిరి. పిమ్మట "దీన్ని అచ్చుకి నువ్వే దగ్గరుండి పంపు. వచ్చే నెల పని అప్పుడు మాట్లాడుకుందాం" అనిరి. వచ్చే నెల యను మాటను ఆమె యింటికి బోవు దారిపొడవున మనసులో దలచుకొనుచునే యుండెను. మరునాటికి సొన సోకిన చూపుడువ్రేలు పొక్కి మండెను. వారము దినములకు పొక్కు మాని నల్లని మచ్చ మిగిలెను. పనిలో బెదురు పుట్టినప్పుడెల్ల నామె యా మచ్చను బొటనవ్రేలితో దడవిచూచుకొనును. పరుల మొగము చూచుచు గీసిన గీత యప్పటికప్పుడే మెరసి యప్పటికప్పుడే పోవును. వస్తువును జూచి గీసినది తడవైనను దేలి నిలుచును. అంతవరకు వట్టి యట్టను ముందిడుకొని యెండలో గూర్చుండు ధైర్యమే కావలెను.