అల్లుడుగారి ఎర్త్ వైర్లు

మా అల్లుడుగారు కారు ఇంజినుకి నగలు చేయించారు. అయిదు నీలం వైర్లు, వాటి చివర్లకి బంగారు రంగు పూత. బానెట్ ఎత్తి చూపిస్తూ, "గ్రౌండింగ్ కిట్ అత్తయ్యా, నేనే వేశాను" అన్నారు. మేం దాన్ని ఎర్త్ అంటాం. మా నాన్న అలాగే అనేవాడు, ఈ వీధిలో బండి కరెంటు పని తెలిసినవాళ్లంతా అలాగే అంటారు. గ్రౌండింగట, కిట్టట! వీడియోలు చూసి నేర్చిన విద్యకి పేర్లు కూడా వీడియోల్లోవే.

ఆయన పని కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అమర్చడం. ఆవగింజంత మరల్ని ఊపిరి బిగబట్టి తిప్పే మనిషి. మంచివాడు కాదని నేననను. నా కూతురి మీద ఇంతవరకు గొంతు పెంచలేదు, నా ఎదుట కూర్చోమంటే తప్ప కూర్చోరు. కానీ మంచితనంతో బండి స్టార్ట్ అవుతుందా? ముప్పై రెండేళ్లుగా ఈ షెడ్డులో బండ్ల కరెంటు పని చేస్తున్న నా ముందుకొచ్చి, "ఇవి వేశాక బండి బాగా లాగుతోందత్తయ్యా, లైట్ల వెలుగు కూడా పెరిగింది" అంటే ఒళ్లు మండదూ? అల్లుడు కాబట్టి 'నువ్వు' అనడానికి లేదు. తిట్టాలన్నా 'గారు' తగిలించే తిట్టాలి.

"ఏమండీ అల్లుడుగారూ, ఈ కారు తయారుచేసినవాళ్లు పాపం అయిదు వైర్లు మర్చిపోయారంటారా?" అన్నాను.

"అలా కాదత్తయ్యా. ఇవి వేయకముందు సెల్ఫ్ మోటారు మరీ నీరసంగా తిరిగేది. ఇప్పుడైతే..."

"కళ్లజోడు మార్చుకున్నవాడికి అక్షరాలు బాగా కనిపిస్తాయి. మార్చుకున్నాననుకున్నవాడికి కూడా కాసేపు బాగానే కనిపిస్తాయి. మీ దుకాణంలో అలాంటివాళ్లు రారా ఏంటి?"

నా కూతురు పక్కున నవ్వింది. ఆయనా నవ్వారు. ఎంత మాటన్నా నవ్వే మనుషులంటే నాకు మొదట్నుంచీ చిరాకు.

వాళ్లు వచ్చింది నన్ను చూడ్డానికేం కాదు. అమ్మాయి నర్సు. ఆపరేషన్ గదిలో పనిచేసే నర్సుల శిక్షణకి మర్నాడు పరీక్ష. రెండేళ్లకోసారి పెడతారు. కిందటిసారి సరిగ్గా ఆ రోజే జ్వరం తెచ్చుకుని పోగొట్టుకుంది. వచ్చేసారికి వయసు దాటిపోతుంది, అంటే ఇదే ఆఖరు. ఉదయం తొమ్మిదికి గేటు మూస్తారు, మూశాక ఎవరు కాళ్లావేళ్లా పడ్డా తెరవరు. మా ఇంటి నుంచి అయితే గంటన్నర ప్రయాణం, అందుకని ముందురోజు మధ్యాహ్నమే వచ్చి దిగారు. ఏడింటికి బయల్దేరితే ఎనిమిదిన్నరకల్లా గేటు దగ్గరుంటారు.

అలాంటి ప్రయాణానికి ఈ నగల బండా? టీ తాగి, గ్లాసు కింద పెట్టి, స్పానర్ల డబ్బా పట్టుకుని షెడ్డులోకి నడిచాను.

మా షెడ్డు గోడ మీద పెద్దక్షరాలతో "కొలిచి చెప్పు" అని ఉంటుంది. రాసింది నేనే. బండి తెచ్చే ప్రతివాడూ బ్యాటరీ పోయిందనో, డైనమో పోయిందనో తీర్పు చెప్పేస్తూ దిగుతాడు. అలాంటివాళ్ల కోసం రాశాను. మీటరు పెట్టి కొలవకుండా ఎవరేం చెప్పినా నేను చెవిన పెట్టను. నా కూతురు చిన్నప్పుడు ఒంట్లో బాలేదంటే, థర్మామీటరు పెట్టి చూశాకే బడి మాన్పించేదాన్ని. అది ఇప్పటికీ ఆ సంగతి చెప్పి దెప్పుతుంది.

అల్లుడుగారు నా వెనకే వచ్చారు. "తీసేస్తున్నారా అత్తయ్యా?"

"మరి అద్దాల బీరువాలో పెట్టి చూసుకోమంటారా?"

"అది కాదు... తీసేముందు ఒక్కసారి మీటరు పెట్టి చూడండి. ఇంజినుకీ బ్యాటరీకీ మధ్య."

నా షెడ్డులో, నేను రాసుకున్న గోడ కింద నిలబడి, నన్ను కొలవమనడం! అన్నదెవరు? మొన్నమొన్నటిదాకా బానెట్ ఎత్తడం కూడా రాని మనిషి. "మీ దుకాణానికొచ్చి నేను అద్దాలు అరగదీస్తున్నానా అల్లుడుగారూ?" అన్నాను. ఆయన ఇంకేదో చెప్పబోయి ఇంజిను అడుగు వైపు ఒకసారి చూశారు. అయిదు వైర్లూ ఒక్కొక్కటే విప్పి గోడకున్న మేకుకి తగిలించాను. విప్పుతుంటే ప్రాణానికి ఎంత హాయిగా ఉందో!

తీశాక స్టార్ట్ చేసి చూశాను. ఇంజిను ఇంకా వెచ్చగానే ఉంది. సెల్ఫ్ కాస్త బరువుగా తిరిగి అందుకుంది. ఆ బరువు నా చెవికి తెలిసింది. తెలిసినా, "చూశారా అల్లుడుగారూ, నగలు తీసేసినా పెళ్లికూతురు నడుస్తోంది" అన్నాను.

మర్నాడు ఏడింటికి పది నిమిషాలుందనగా అమ్మాయి హాల్ టికెట్టు సంచిలో పెట్టుకుని కారెక్కింది. అల్లుడుగారు తాళం తిప్పారు. టక్. మళ్లీ తిప్పారు. టక్, టక్. మూడోసారికి బానెట్ కిందనుంచి కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది. ఎత్తి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్ మీద పొగ.

ఆ పొగ ఎందుకొస్తుందో నాకు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బ్యాటరీ ఎర్త్ బాడీకి ఉంటుంది. ఇంజినేమో రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. అందుకని ఇంజినుకీ బాడీకీ మధ్య మందపాటి రాగి పట్టీ ఒకటి వేస్తారు. అది లేకపోతే కరెంటు దొరికిన సన్న కేబుల్లోంచే దారి చేసుకుంటుంది, ఆ కేబుల్ కాలుతుంది. అంటే ఈ బండికి పట్టీ లేదు. ఇన్నాళ్లూ పట్టీ చెయ్యాల్సిన పని చేసింది మేకుకి వేలాడుతున్న ఆ అయిదు వైర్లు.

"అమ్మా, టైమైపోతోంది!" అంది అమ్మాయి. అటు వెళ్లే బస్సు ఆరున్నరకే పోయింది. టాక్సీకి ఫోన్ చేస్తే గంట పడుతుందన్నాడు. షెడ్డులో ఉన్న మూడు బండ్లూ నేను విప్పి పరిచినవే.

టార్చి పట్టుకుని కారు కిందికి దూరాను. అవతలి వైపు నుంచి అల్లుడుగారు, ఇస్త్రీ చొక్కాతోనే, నేల మీద పాకి వచ్చారు. పట్టీ అక్కడే ఉంది. ఒక కొస బాడీకి బిగించి ఉంది, ఇంజినుని అంటి ఉండే గేర్‌బాక్సుకి బిగించాల్సిన కొస గాల్లో వేలాడుతోంది. ఆ కొసకి ఎర్రటేపు చుట్టి ఉంది.

ఆ ఎర్రటేపు నాది. పని మధ్యలో విప్పినవాటిల్లో మళ్లీ తప్పకుండా బిగించాల్సిన దానికి ఎర్రటేపు చుట్టడం నా పద్ధతి. బండి బయటికి పోయేముందు ఎర్రటేపు ఎక్కడా మిగలకూడదు. ఆరు నెలల కిందట క్లచ్ ప్లేట్లు మార్చడానికి, కూతురి బండి ఇంకొకరి చేతిలో పెట్టడమెందుకని, ఈ గేర్‌బాక్సు దించింది నేనే. మళ్లీ ఎక్కించేటప్పుడు ఫోన్లో ఎవరి పని తీరునో ఎండగడుతూ ఉండుంటాను. తర్వాత, బండి ఆ సన్న కేబుల్ మీదే ఈడ్చుకొస్తున్న రోజుల్లో, అమ్మాయి ఫోన్ చేసి, "సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందమ్మా" అంటే, "బ్యాటరీ ముసలిదైంది, మార్చెయ్" అన్నాను. ఇంట్లో కూర్చుని, బండిని చూడకుండా తీర్పు చెప్పేశాను.

అల్లుడుగారు గొంతు తగ్గించి అన్నారు. "ఇది నేను రెండు నెలల కిందటే చూశానత్తయ్యా. ఎర్రటేపు చుట్టి ఉంది కదా, మీరేదో కారణం ఉండే విప్పి ఉంచారనుకున్నాను. మీ పని మీద చెయ్యి పెట్టడమెందుకని, దీన్ని ముట్టుకోకుండా పైనుంచి వేరే వైర్లు వేశాను."

"ఒక్కమాట నన్ను అడగొచ్చు కదండీ!"

"అడిగితే మీరు..." అని ఆగిపోయారు. అడిగితే నేనేమనేదాన్నో మా ఇద్దరికీ తెలుసు.

"ఏమైంది? అసలేమైందో చెప్పండి ఎవరైనా!" బయటనుంచి అమ్మాయి గొంతు. ఏడుపు ఆపుకుంటోంది.

"నా వైర్ల గొడవే. నేనే ఏదో కదిపేసినట్టున్నాను. అత్తయ్య సరిచేస్తున్నారు" అన్నారు ఆయన.

కాదని చెప్పడానికి నాకు ఒక్క క్షణం చాలు. ఊరందరి తప్పులూ ఎత్తిచూపే నా నోటికి ఆ క్షణంలో మాట పెగల్లేదు. చెయ్యి చాచి స్పానర్ అడిగాను.

మేకుకున్న వైర్లు మళ్లీ వేద్దామన్న ఆలోచనే రాలేదు నాకు, నా పట్టీ నేనే బిగించాలన్న పట్టుదల తప్ప. పట్టీకి ఉండాల్సిన బోల్టు ఆరు నెలల కిందటే ఎక్కడో పడిపోయింది. డబ్బాలన్నీ కుమ్మరించి అలాంటిది వెతికాను. గేర్‌బాక్సు మీద తుప్పు గీకాను. కాలి పట్టేసిన కేబుల్ తీసేసి, విప్పి ఉన్న బండ్లలో ఒకదాని కేబుల్ పీకి తెచ్చి వేశాను. నా చేతులు అంత వేగంగా పనిచెయ్యగా ఎవరూ చూసి ఉండరు. అయినా బండి గేటు దాటేసరికి ఏడూ ముప్పై అయిదు.

పన్నెండు దాటాక తిరిగొచ్చారు. అమ్మాయి దిగి డోరు ధడేలున వేసింది. హాల్ టికెట్టు చేతిలోనే ఉంది, మడత కూడా నలగలేదు.

"తొమ్మిదీ ఆరు" అంది. "గేటు అవతల నిలబడి వాచ్‌మన్ నన్ను చూస్తూనే ఉన్నాడు. ఆరంటే ఆరు నిమిషాలమ్మా." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఇంకోసారి ఈ బండి మీద చెయ్యి వేశావంటే ఊరుకోను. వీడియోలు చూసి మెకానిక్కువి అయిపోదామనుకున్నావా? కళ్లజోళ్లు బిగించుకునే నీకు బండి గొడవెందుకు? అమ్మ నెత్తీనోరూ మొత్తుకుని చెప్పిందా లేదా?"

అవన్నీ నా మాటలే. విరుపు కూడా నాదే. ఆయన చొక్కాకి అంటిన గ్రీజు గోటితో గీక్కుంటూ నిలబడ్డారు తప్ప నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూసుంటే నాకు కాస్త తేలికయ్యేదేమో.

"ఆయన్నేం అనకు" అన్నాను. "గేర్‌బాక్సు ఎక్కించినప్పుడు ఎర్త్ పట్టీ బిగించకుండా వదిలేసింది నేను. ఈ రెండు నెలలూ నీ బండిని నడిపించింది ఆ వైర్లే. నిన్న వాటిని తీసేసింది కూడా నేనే. పొద్దున ఆయన తప్పు తన మీద వేసుకుంటుంటే నోరు మూసుకుని ఊరుకున్నాను."

అమ్మాయి మేకుకి వేలాడుతున్న నీలం వైర్ల వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. తర్వాత తలెత్తి గోడ మీద నా పెద్దక్షరాల వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను, అరిచినా బాగుండేది. మంచం మీది రోగిని అడిగినంత మెల్లగా అడిగింది.

"అమ్మా, తీసేముందు కొలిచావా?"

"ఆయన కొలవమన్నారు" అన్నాను.

"నువ్వు కొలిచావా?"

"లేదు" అన్నాను.