దీవిలో నేర్చుకున్న మాట

మా చెల్లెలి సంచీ ఎప్పుడూ నేనే సర్దేదాన్ని. అది సర్దితే జిప్పు పట్టేది కాదు. తొమ్మిది నెలలకి కావలసిన బట్టలన్నీ ఉండలు చుట్టి కుక్కేసి, మోకాలు ఆనించి నొక్కి, "ఇంక నీ వంతు" అని పక్కకి జరిగేది. నేను అన్నీ మళ్ళీ మంచం మీదికి తీసి, అంచుకి అంచు కలిపి మడతలు వేసేదాన్ని. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ళు దుప్పట్లు మడిచిన చేతులు నావి. పని బట్టలు అడుగున, స్వెట్టరు పైన, మూలల్లో మేజోళ్ళు, మేజోళ్ళలో మందుబిళ్ళలు.

"తలనొప్పి మాత్రలు ఎన్ని పెట్టావక్కా?"

"మూడు అట్టలు."

"ఓడంతటికీ నేనే డాక్టరునా ఏంటి?"

"ఉండనీవే. అవేమన్నా తిండి అడుగుతాయా?"

అదీ లాండ్రీ మనిషే. కాకపోతే నాది నేల మీది లాండ్రీ, దానిది నీళ్ళ మీదిది. పెద్ద ప్రయాణికుల ఓడలో, అన్ని అంతస్తులకీ కింద, కిటికీ లేని గదిలో తువ్వాళ్ళు ఉతికేది. రోజూ సముద్రం చూస్తావు కదే అంటే, "సముద్రంలో ఉంటాను గానీ, చూడ్డానికి తీరికేదీ" అనేది. తొమ్మిది నెలలు ఓడ, మూడు నెలలు ఇల్లు. అది పెళ్ళి చేసుకోలేదు. నా పెళ్ళి మూణ్ణాళ్ళ ముచ్చటే అయింది. మాకు మేమే మిగిలాం.

నాకు కావలసింది ఒక్కటే. అది మళ్ళీ ఓడెక్కకుండా ఇంటిపట్టున ఉండిపోవాలి. ఆ మాట మాత్రం దానితో ఎన్నడూ అనలేదు. ప్రయాణమయ్యేవాళ్ళని వెనక్కి లాగే మాట అనకూడదన్నది చిన్నప్పుడే ఒంటికి పట్టిపోయింది. మా అమ్మ ఒక మధ్యాహ్నం చేతిసంచీ పట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంటే గుమ్మంలో నిలబడి "జాగ్రత్తమ్మా" అన్నాను. నాన్న పని వెతుక్కుంటూ వెళ్ళిన రోజూ అదే అన్నాను. వెళ్ళేవాళ్ళకి ఇవ్వడానికి నా దగ్గర ఇంకో మాట ఉండేది కాదు.

ఒక ఏడు జిప్పు లాగాక, చెల్లెలు జేబులోంచి కళ్ళజోడు డబ్బాలాంటిది ఒకటి తీసి నా ఒళ్ళో పడేసింది. తెరిస్తే లోపల రెండు చిన్న తెరలు, పక్కన బొత్తాలు.

"ఏంటే ఇది?"

"ఆట. జపాన్ రేవులో పాత సామాన్ల కొట్లో కొన్నా. ఓడలో నాకిదే కాలక్షేపం. ఈసారి నీ దగ్గరుంచి వెళ్తా."

"నాకెందుకు? బొమ్మలాడుకునే వయసా నాది?"

"నేను లేనప్పుడు నువ్వేం చేస్తావో నాకు తెలీదా? క్యాలెండరు ముందు నిలబడి రోజులు కొట్టేస్తుంటావు. దానికంటే ఇది నయం. రోజూ మొక్కలకి నీళ్ళు పొయ్యి, కనిపించిన వాళ్ళని పలకరించు. అంతే."

"అన్నీ జపాన్ మాటలేగా!"

"తెలుగు మాత్రం నీకెవరు నేర్పారేంటి?"

నిజమే. నేను బడికి వెళ్ళలేదు. దుప్పట్ల మూలల్లో కుట్టిన వార్డుల పేర్లు చూసి చూసి, ఏ పేరు ఏ వార్డుకి వెళ్తుందో గుర్తుపట్టి, అక్షరాలు విడదీసుకున్నాను. చదవడం వచ్చేసరికి నలభై దాటాయి. అప్పటిదాకా ఎవరు ఏ కాగితం ముందు పెట్టి ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ నా వేలు వేశాను.

అలా ఆ ఆటలోని దీవికి వెళ్ళాను. అరచేతంత దీవి. ఒక రేవు, ఒక దీపస్తంభం, నాలుగు గుడిసెలు. ఆట గడియారాన్ని చెల్లెలు జపాన్ వేళకే ఉంచేసింది. మా కిటికీలో ఇంకా ఎండ ఉండగానే అక్కడ పొద్దు వాలేది. పని నుంచి వచ్చి మంచం మీద కాళ్ళు చాపుకుని పెట్టె తెరిస్తే, ఒక చెంపకి పగలు, ఇంకో చెంపకి సాయంత్రం తగిలినట్టుండేది. దీవిలో వాన పడితే గది చల్లబడినట్టనిపించి దుప్పటి కప్పుకునేదాన్ని.

అక్కడ తాబేలు తాత ఉండేవాడు, రేవులో కూర్చుని పేపరు చదివేవాడు. గొడుగులు బాగుచేసే కొంగమ్మ ఉండేది. ఆ పేర్లు నేను పెట్టినవే, అసలు పేర్లు చదవడం నాకు రాదుగా. కొంగమ్మ నాకు బాగా నచ్చింది. నన్ను చూడగానే పొడుగు కాళ్ళతో పరుగెత్తుకొచ్చేది. నోటి దగ్గర బుడగలాంటి గీతలో ఏవో మాటలు. కింద రెండు జవాబులు, ఒకదాని మీద ఒకటి. నేనెప్పుడూ పైదే నొక్కేదాన్ని. వేలు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టిన జన్మ కదా. పైది నొక్కితే కొంగమ్మ సంతోషించేది, ఎగిరేది, ఒకసారి గొడుగు కూడా ఇచ్చింది.

ఒకరోజు పరుగెత్తుకుని రాలేదు. గుడిసె ముందు అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. తలొంచి ఏదో అడిగింది. పైది నొక్కాను. కొంగమ్మ చాలాసేపు కదలకుండా నిలబడింది. తరవాత వంగి దణ్ణం పెట్టింది.

మర్నాడు గుడిసె ఖాళీ. రేవంతా వెతికాను. దీపస్తంభం వెనక చూశాను. మూడు రోజులు, నా కాళ్ళే అరిగినట్టు, ఆ దీవి చుట్టూ తిరిగాను. లాండ్రీలో నాకు ఎదురుగా నిలబడి దుప్పటి మడిచే ఆమెతో చెప్తే ముక్కున వేలేసుకుంది.

"ఆటలో కొంగ ఎగిరిపోయిందని ఏడుస్తున్నావా? నీకేమన్నా గాలి సోకిందా?"

ఆదివారం ఏదో రేవు నుంచి చెల్లెలు ఫోను చేసింది. బాగున్నావా అనైనా అనకుండా కొంగమ్మ సంగతి చెప్పాను.

"ఏం నొక్కావు?"

"పైది."

"అయ్యో అక్కా. 'నేను ఊరొదిలి వెళ్ళిపోనా' అని అడిగిందది. పైది 'సరే వెళ్ళు'. కిందది 'వెళ్ళకు'."

"వెళ్ళదలుచుకుంటే వెళ్ళొచ్చుగా! నన్నడగడం దేనికి?"

"వెళ్ళాలని గట్టిగా ఉన్నవాళ్ళు అడగరక్కా, చెప్తారు. అడిగారంటే, ఎవరైనా ఆపుతారేమోనని."

వెనకాల ఓడ హారను మోగింది. లైను తెగిపోయింది.

ఆ సోమవారమే నోట్‌బుక్కు కొన్నాను. దీవిలో కనిపించిన ప్రతి అక్షరాన్నీ చూసి గీసుకున్నాను. ఒకటి కొక్కెంలా ఉండేది. ఒకటి నత్తలా, ఒకటి మడిచిన మోచెయ్యిలా. ఒకటి రెండు చిన్న గీతలు, పక్కపక్కనే కూర్చుని మాట్లాడుకోని అక్కాచెల్లెళ్ళలా. వాటి ఆకారం నేను చెప్తే, పలుకు ఆదివారాలు ఫోనులో చెల్లెలు చెప్పేది. తువ్వాళ్ళు ఇవ్వడానికి పై అంతస్తులకి వెళ్ళినప్పుడు ఓడలో జపాన్ ముసలమ్మలనడిగి తెలుసుకునేది. "అక్కా, వీళ్ళూ మనలాంటి వాళ్ళే. గుమ్మం దాటేప్పుడు 'వెళ్తా' అనరు. 'ఇత్తె కిమాస్' అంటారు. వెళ్ళొస్తానని."

నేను అన్నిటికంటే ముందు నేర్చుకున్నది ఆ కింది జవాబు. ఇకనైదే. వెళ్ళకు. ఆ మాట రాస్తే అక్కాచెల్లెళ్ళ అక్షరం రెండుసార్లు వస్తుంది.

దుప్పటి మడిచేటప్పుడు ఇద్దరం చెరో చివరా పట్టుకుని, దగ్గరికి నడిచి, వేళ్ళకి వేళ్ళు తగిలించి, మళ్ళీ దూరం జరుగుతాం. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. దగ్గరికొచ్చేటప్పుడు ఒక మాట, దూరం జరిగేటప్పుడు ఒక మాట లోలోపల అనుకునేదాన్ని. ఆవిరిలో ఎదుటి మనిషి ముఖం కరిగిపోయి, తెల్లటి దుప్పటి మాత్రం గాలి నింపుకుని పైకి లేచేది. దాని మీద కొక్కేలూ నత్తలూ నడిచినట్టుండేది.

"మంత్రాలు నేర్చుకుంటున్నావా?" అంది ఎదురామె. "నన్ను కప్పని చేస్తావా ఏంటి?"

"నిన్ను కప్పని చేస్తే రెండో చివర ఎవరు పట్టుకుంటారు?"

ఏడో నెలలో తాబేలు తాత పేపరు మడిచి పక్కన పెట్టాడు. వెనకాల ఒకే ఒక్క అట్టపెట్టె. ఆయన అడిగిన మాటని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. బొత్తాన్ని రెండుసార్లు సరిచూసుకుని, కళ్ళు మూసుకుని, కిందది నొక్కాను. కళ్ళు తెరిచేసరికి ముసలాయన తల చిప్పలోకి లాక్కున్నాడు. కాసేపటికి మెల్లగా బయటపెట్టి మళ్ళీ పేపరు విప్పాడు. దీవిలో పొద్దు పోయింది, దీపం వెలిగింది. మా గదిలో ఎండ ఇంకా గోడ మీదే ఉంది. ఒక మనిషిని ఆపడం ఇంత తేలికా అనుకున్నాను.

చెల్లెలు వచ్చింది. నల్లబడి, చిక్కి, మెట్లెక్కుతూ మధ్యలో ఒకసారి ఆగి వచ్చింది. ఆయాసమేంటే అంటే, "ఓడలో మెట్లు నాతోపాటు ఊగుతాయి. ఇవి కదలవు, అందుకే కష్టం" అని నవ్వింది. ఆ మూడు నెలలూ ఒకే మంచం మీద, తలలు ఆనించుకుని, దీవిలో తిరిగాం. నేను చదువుతుంటే అది వినేది. తప్పు చదివితే మోచేత్తో పొడిచేది.

"నాకంటే నీకే బాగా వచ్చేసిందక్కా. నువ్వే ఓడెక్కు, నేను దుప్పట్లు మడుస్తా."

"పోనీ ఎవరమూ ఎక్కొద్దు" అన్నాను నవ్వుతూ. అనేశానే అని భయపడి వెంటనే టీ పెట్టడానికి లేచాను.

ఫిబ్రవరి మొదట్లో కంపెనీ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడి, మర్నాటికి చెప్తానని పెట్టేసింది. ఎప్పుడూ అప్పటికప్పుడే సరే అనే మనిషి. మంచం అంచున కూర్చుని చాలాసేపు గోళ్ళు చూసుకుంది.

"ఏమంటావక్కా? వెళ్ళనా?"

అడిగింది. చెప్పలేదు, అడిగింది. నాకు తెలుసు. తొమ్మిది నెలలు కూర్చుని నేర్చుకున్నది ఆ ప్రశ్ననీ దాని జవాబునీ కదా. వెళ్ళకే, అనాలి. మూడక్షరాలు, చివర ఒక దీర్ఘం. నోరు పెగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనని మాట. అంటే దానికే కీడేమో, ఓడ దారిలో ఏమన్నా అవుతుందేమో అని భయమేసింది. ఆ భయం తెలుగు మాటకే అంటుకుని ఉంది. ఇంకో మాటకి అంటుకుని లేదు.

"ఇకనైదే" అన్నాను.

చెల్లెలు చప్పున తలెత్తింది. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. తరవాత పగలబడి నవ్వింది.

"అబ్బ! ఎంత ముద్దుగా పలికావక్కా! ఓడలో ముసలమ్మలు కూడా ఇంత చక్కగా అనరు. ఇంకోసారి అను!"

పిల్లకి పాఠం అప్పజెప్పించినట్టు చప్పట్లు కొట్టింది. నేను పొంగిపోయాను. ఎవరైనా నా చదువుని మెచ్చుకుంటే అంతే నేను, అన్నీ మర్చిపోతాను. సిగ్గులేకుండా ఇంకోసారి అన్నాను. ఇద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. నవ్వు ఆగాక అది కళ్ళు తుడుచుకుంది.

"సరే, ఇంకేమన్నా చెప్తావా?"

"ఏముంటుందే. నీ ఇష్టం" అన్నాను.

అది లేచి కంపెనీకి ఫోను చేసింది. వస్తున్నానని చెప్పింది.

ఇదంతా జరిగి పదిహేడేళ్ళు. ఆ ఏడు ఫిబ్రవరి పదకొండున మా చెల్లెలు ఓడెక్కింది. జూలై ఇరవై ఎనిమిదిన తువ్వాళ్ళ గదిలో గుండె ఆగి పోయింది. నవంబరు ఆరున ఇంటికి రావాలి. రాలేదు.