నలభై పేజీల గొంతు

మూడో పీరియడ్ గంట కొట్టగానే ఏడో తరగతి పిల్లలు బిలబిలమంటూ లైబ్రరీలోకి వచ్చి పడ్డారు. ఇక గోలే గోల! ఆ బడిలో ఏ పుస్తకం తెరిచినా, దాన్ని చివరిసారి పైకి చదివినవాళ్ల గొంతు వినిపిస్తుంది. కొత్తవాళ్లు చదివిన పేజీల్లో పాత గొంతు చెరిగిపోతుంది. అందులో వింతేముంది? వానల పుస్తకంలో ఎవడో తుమ్మిన తుమ్ము కూడా అలాగే ఉంది. లెక్కల గైడు మాత్రం కొన్ననాటి నుంచీ మూగదే, పాపం.

"వింటూ కూర్చోకండర్రా, చదవండి!" అని లైబ్రరీ టీచర్ రోజూ గొంతు చించుకునేది. అలా అనే మనిషే ఒక పుస్తకాన్ని బీరువాలో దాచుకుంది. అది పడవవాడి కథ. పదకొండేళ్ల కిందట, జ్వరంతో పోయేముందు, ఆమె కూతురు అందులో నలభై పేజీలు చదివింది. టీచర్ రోజూ మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసుకుని వినేది. ఎంత విన్నా తనివి తీరేది కాదు.

ఆ రోజు బీరువాకి తాళం వేయడం మరిచిపోయింది. పుట్టి బుద్ధెరిగి ఒక్క పుస్తకమూ చదవని పిల్ల ఒకతి ఉంది, అందరూ మొండిఘటం అంటారు. ఆ పిల్లే పుస్తకం తీసి, మూల కూర్చుని వింటోంది. టీచర్ చూసేసరికే గొంతు చివరికొచ్చింది.

"పడవ బోల్తా పడింది... అమ్మా, నిద్రొస్తోంది. మిగతాది రేపు."

"రేపంటే ఎప్పుడు టీచర్?" అంది మొండిఘటం.

టీచర్ చెయ్యి చాపింది. "ఇలా ఇచ్చెయ్యమ్మా."

"పడవవాడు బతికాడా?"

"తెలీదే."

"ఇన్నాళ్లూ దగ్గరుంచుకుని చదవలేదా? భలేవారే!"

నిజమే. కూతురు చదవని పేజీలు తనకెందుకని ఆమె ముట్టుకోలేదు. మొండిఘటం ఆగుతుందా? పేజీ తిప్పి, వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుంటూ చదవసాగింది. పడవవాడు చెక్క పట్టుకుని తేలాడు. ఒడ్డు చేరాడు. వాళ్లమ్మ తలుపు తీసింది. టీచర్ రెండు చేతుల్లో మొహం దాచుకుని బావురుమంది.

ఆమె కాస్త తేరుకున్నాక పిల్ల గొణిగింది. "మొదట్నుంచీ నేనే చదవాలనుంది టీచర్. కానీ ఆ అక్క గొంతు పోతుంది కదా. వద్దులెండి." అని పుస్తకం మూసింది. చెయ్యి మాత్రం అట్ట మీదనుంచి తీయలేదు.

టీచర్ ఆ చెయ్యి వైపు చూసి, తనే మొదటి పేజీ తెరిచింది.

"చదువు తల్లీ," అంది. "కాస్త మెల్లగా చదువు."

పేజీ తిరిగినప్పుడల్లా కూతురు కొంచెం కొంచెంగా వెళ్లిపోయింది. టీచర్ పక్కనే కూర్చుని, పిల్ల తడబడ్డచోటల్లా పుస్తకం చూడకుండానే మాట అందించింది.