శుక్రవారం బండి

అరబ్బు దేశంలో, కబ్ద్ అనే చోట తోటల్లో గొర్రెలు చూసుకునే నరసింహులుకు వారమంతా ఒక ఎత్తు, శుక్రవారం ఒక ఎత్తు. అతని భార్య మునిలక్ష్మి దూరాన పట్నంలో, సముద్రం పక్కనున్న బ్నీద్ అల్ గార్‌లో ఒక అరబ్బుల ఇంట్లో పనిచేస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, ఆమెను కాసేపు బయటికి పంపుతుంది. ఎడారిలో ఉన్న తోటకు బస్సు రాదు. నరసింహులును పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్, కొడుకు నాసర్ మోజుపడి కొనిపించుకుని, కొన్నాళ్లకే విసుగుపుట్టి తోటలో పడేసిన మోటార్‌సైకిలే ఆ మొగుడూపెళ్లాలను కలుపుతోంది. దాని తాళంచెవుల్లో ఒకటి నాసరే ఎప్పుడో పోగొట్టాడు. మిగిలింది ఒక్కటి.

ఆ రోజు ఇద్దరూ సముద్రం ఒడ్డున పేర్చిన బండరాళ్ల మీద కూర్చున్నారు. చెమట తుడుచుకుందామని నరసింహులు జేబులోంచి చేతిగుడ్డ లాగాడు. దాంతోపాటే తాళంచెవి జారి, రాతి మీద ఎగిరిపడి, సందులోకి పోయింది.

మునిలక్ష్మి బోర్లా పడుకుని తొంగిచూసింది. "అగుపడతాంది బావా! నీళ్లల్లో, రాయికి ఆనుకోని ఉండాది."

నరసింహులు భుజం దాకా చెయ్యి దూర్చాడు. చర్మం గీరుకుపోయిందే కానీ ఇంకా జానెడు దూరం ఉండిపోయింది. ఆమె తలపిన్ను వంచి చున్నీ కొసకు కట్టి ఇచ్చింది. పిన్ను తాళంచెవికి తగిలింది కూడా. అంతలో అల వచ్చి సందంతా నురగ నింపింది. నురగ తగ్గాక చూస్తే అక్కడ ఇసుక తప్ప ఏమీ లేదు.

"నాకు టైమైపాయ," అంది మునిలక్ష్మి లేస్తూ. "నువ్వెట్ల పోతావు?"

"ఎట్లోగట్ల పోతాలే. నువ్వు నడువు, మామా అరుస్తాది."

ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వెళ్లిపోయింది.

మహబూలాలో తాళాలు చేసే కడప మనిషి అల్లాబకష్‌కు ఫోన్ చేస్తే వ్యాన్ వేసుకుని వచ్చాడు. తాళం లోపల కొలతలు చూసుకుని, కొత్త తాళంచెవి కోసి ఇచ్చాడు. అది వెన్నలా తిరిగింది. దీపాలన్నీ వెలిగాయి. నరసింహులు ప్రాణం లేచివచ్చి బటన్ నొక్కాడు. ఇంజిన్ ఉలకలేదు. మీటరులో ఎర్రదీపం ఒకటి మినుకుమినుకుమంటూనే ఉంది.

"తిరిగింది గదన్నా, ఇంగేమైంది?"

"తిరిగితే సాలదు తమ్ముడూ. పాతదాని తలకాయలో చిన్న చిప్ ఉంటాది. దాన్ని బండి గుర్తుపడితేనే ఇంజిన్ లేస్తాది. ఈ రకం బండిలో కొత్తది ఎక్కించాలంటే పాతది ఒకటన్నా చేతిలో ఉండాల."

"అదే సముద్రం పాలాయ గదా!"

"ఇంగ షోరూమే గతి. వాళ్లు బండి ఎవరి పేరుమీదుంటే ఆయన్నే రమ్మంటారు. దొంగబండి కాదని తెలియాల గదా."

బండి కఫీల్ పేరు మీద ఉంది. కఫీల్ గుండె ఆపరేషన్‌కని జర్మనీ వెళ్లి ఆసుపత్రిలో ఉన్నాడు. నరసింహులు గుండె చిక్కబట్టుకుని నాసర్‌కు ఫోన్ చేసి, వచ్చీరాని అరబీలో జరిగింది చెప్పాడు.

నాసర్ నవ్వాడు. "ఖల్లీ వల్లీ! పోతే పోనీ. బాబా వచ్చాక చూద్దాం."

"బాబా ఎప్పుడు వస్తాడు?"

"అల్లాకే తెలుసు. ఖలాస్, భయపడకు."

తిట్టినా బాగుండేది. తిట్టేవాణ్ని కాళ్లావేళ్లా పడి బతిమాలుకోవచ్చు. నవ్వేసిన వాణ్ని ఇంకేమని అడగాలో నరసింహులుకు తెలియలేదు. ఆ రాత్రి టాక్సీకి నాలుగు రోజుల జీతం పోసి తోటకు చేరాడు. మరునాడు నాసర్ పంపిన లారీ బండిని తెచ్చి తోటలో రేకుల కింద దించిపోయింది.

వారమంతా నరసింహులు దారిన పోయే ప్రతి బండినీ అడిగాడు. నీళ్ల ట్యాంకరు తోలే సైఫుల్లా మాత్రం, శుక్రవారం అటు పని పడితే ఎక్కించుకుపోతానన్నాడు. ఆ ఆశతోనే, బండి మూలపడిందని పెళ్లానికి చెప్పలేదు. శుక్రవారం తెల్లచొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ట్యాంకరు రాలేదు. ఫోన్ మోగింది.

"వాకిట్లో నిలబడుండా బావా. యాడికొచ్చినావు?"

"యాడికీ రాలేదు మునీ. తోట్లోనే ఉండా."

అతను ఖాళీ రోడ్డు వైపు చూశాడు.

"నడిచొస్తా, నువ్వు ఉంటావంటే," అన్నాడు.

"అంత దూరం యాడ నడుస్తావు? నువ్వొచ్చేసరికి రాత్రయితాది. అన్నం తిన్యావా?"

అవతల ఇంట్లోంచి ఎవరో ఆమెను పిలిచిన గొంతు అతనికీ వినిపించింది.

"మామా చూసింది," అంది మునిలక్ష్మి. "బయటికి పోకుంటే గిన్నెలు తోమమంటాంది. ఫోను పెట్టేయాకు, గట్టుమీద పెట్టుకుంటా."

కొళాయి విప్పిన చప్పుడు, గిన్నెల చప్పుడు. నరసింహులు గేటు నీడలో కూర్చుని, చార్జింగ్ అయిపోయేదాకా వింటూనే ఉన్నాడు.